జవాబు ఆలస్యమైనప్పుడు కనిపెట్టుకుని ఉండటం ఎలా

మా వీధిలో నన్ను కువైట్ అత్త అంటారు. 1998 నుంచి 2005 వరకు ఏడేళ్ళు అక్కడ ఒక ఇంట్లో వంటపని చేసి వచ్చాను. నేను పుట్టింది నరసాపురం దగ్గర. మెట్టినిల్లు గోదావరికి ఇవతల, సఖినేటిపల్లి రేవులో పంటు (నది దాటించే పెద్ద పడవ) దిగి లోపలికి వెళ్తే వచ్చే ఊరు.

మందిరంలో స్త్రీల కూడిక అయ్యాక ఎవరో ఒకరు చాపలు చుట్టే వంకతో ఆగిపోతారు. కూతురికి సంబంధం కుదరడం లేదని ఒకామె. మస్కట్ వెళ్ళిన మనిషి ఆరు నెలలుగా ఫోన్ చేయలేదని ఒకామె. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా కడుపు పండలేదని ఒక పిల్ల. "అత్తా, ప్రార్థన చేస్తూనే ఉన్నాను. ఇంకా ఎలా కనిపెట్టాలి?" అంటారు. దేవుడు ఎందుకు ఆలస్యం చేస్తున్నాడని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఎలా కనిపెట్టాలని అడిగితే మాత్రం కొంత చెప్పగలను. అది బైబిల్లో కొంత, కువైట్ వంటగదిలో కొంత, మా ఆయన పెంచిన కొబ్బరి మొక్కల దగ్గర కొంత నేర్చుకున్నాను. చాపల దగ్గర నిలబడి చెప్పేదే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు ఆ రెండు మాటలు

మన తెలుగు బైబిల్లో 'నిరీక్షణ' అనే మాట మాటిమాటికీ వస్తుంది. బయట నిరీక్షణ అంటే ఎదురు చూడటమే. ఫలితాల కోసం నిరీక్షణ, బస్సు కోసం నిరీక్షణ అని పేపర్లో రాస్తారు. బైబిల్లో అదే మాటకి గట్టి నమ్మకంతో కూడిన ఆశ అని అర్థం. అంటే మన బైబిల్లో ఆశకీ ఎదురుచూపుకీ ఒకటే మాట. ఎదురు చూస్తున్నాను కాబట్టి నాకు విశ్వాసం తక్కువేమో అని కుమిలిపోయేవాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే. ఎదురు చూడటం విశ్వాసం లేకపోవడం కాదమ్మా, విశ్వాసం చేసే పనే అది.

రెండో మాట 'కనిపెట్టు'. మన ఇళ్ళల్లో ఆ మాట ఎలా వాడతామో గుర్తు చేసుకోండి. "పొయ్యి మీద పాలున్నాయి, కనిపెట్టుకుని ఉండు." "చంటిదాన్ని కాస్త కనిపెట్టుకో, రేవుకెళ్ళి వస్తాను." కనిపెట్టుకుని ఉన్న మనిషి గోడకి ఆనుకుని కూర్చోడు. కన్ను ఒకచోట ఉంటుంది, చెయ్యి సిద్ధంగా ఉంటుంది. రోమా పత్రిక 8వ అధ్యాయం 25వ వచనంలో ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి: "మనము చూడనిదానికొరకు నిరీక్షించినయెడల ఓపికతో దానికొరకు కనిపెట్టుదుము." ఆ వచనం నోటికి వచ్చేదాకా చదవండి. మిగతా సంగతులన్నీ దాన్ని ఇంట్లో, పొలంలో ఎలా చేయాలన్నదే.

వాగ్దానం కార్డు తీశాక చేయాల్సిన పని

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనమంతా, కొత్త ఏడాదికి ఒక బైబిల్ వచనం రాసి ఉండే వాగ్దానం కార్డు తీసుకుంటాం. 1998 మొదలైన ఆ రాత్రి నాకు వచ్చింది యిర్మీయా 29:11. మన గురించి దేవుడు ఉద్దేశించినవి సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావని, రాబోయే కాలంలో నిరీక్షణ కలుగుతుందని ఉండే వచనం. 1996 నవంబరు 6 తుపాను రాత్రి మా దొడ్డిలో ఇరవై రెండు కొబ్బరి చెట్లలో పదిహేడు పడిపోయాయి. ఇంటి కప్పు ఎగిరిపోయింది. అప్పు మీద అప్పు చేశాం. అలాంటప్పుడు ఆ కార్డు చేతికి వస్తే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. మే నెలలో నేను కువైట్ విమానం ఎక్కాను. పంపించినవాళ్ళు రెండేళ్ళు అన్నారు. కార్డులో వచనాన్నీ ఆ రెండేళ్ళనీ నేనే ముడి వేసుకున్నాను. రెండేళ్ళు, ఆ తర్వాత అన్నీ సర్దుకుంటాయి అనుకున్నాను.

రెండేళ్ళు గడిచేసరికి అప్పు సగం కూడా తీరలేదు. ఆ రోజుల్లో ఒక రాత్రి, చీరల మధ్య పెట్టుకుని తీసుకెళ్ళిన బైబిల్లో ఆ అధ్యాయం మొదటిసారి మొదటి నుంచి చదివాను. అది ఉత్తరమండీ. క్రీస్తు పూర్వం 597లో యెరూషలేము నుంచి బబులోనుకి చెరగా వెళ్ళినవాళ్ళకి యిర్మీయా ప్రవక్త రాసి పంపిన ఉత్తరం. పరాయి దేశంలో, తిరిగి ఇంటికి ఎప్పుడు పోతామా అని రోజులు లెక్కపెట్టుకునేవాళ్ళకి రాసింది. నా కార్డు మీద ఉన్నది పదకొండో వచనం. దానికి ముందు పదో వచనంలో ఏముందో తెలుసా? డెబ్బై సంవత్సరాలు. బబులోనులో డెబ్బై ఏళ్ళు గడిచాకే మిమ్మల్ని తిరిగి తీసుకొస్తానని ఉంది. వెనక్కి 28వ అధ్యాయంలోకి వెళ్తే హనన్యా అనే ప్రవక్త జనంతో రెండేళ్ళే అని చెప్తున్నాడు. రెండేళ్ళలో అంతా వెనక్కి వచ్చేస్తుందట. అందరికీ ఆ మాటే నచ్చి ఉంటుంది. యెహోవా నిన్ను పంపలేదు, నీవు ఈ ప్రజలను అబద్ధాన్ని ఆశ్రయింపజేస్తున్నావని యిర్మీయా అతని ముఖం మీదే చెప్పాడు.

ఆ రాత్రి నాకు కోపం వచ్చింది. తర్వాత, ఎందుకో చెప్పలేను గాని, భుజాల మీద బరువు కాస్త తగ్గింది. దేవుడు రెండేళ్ళని నాకు మాట ఇవ్వలేదు. ఆ గడువు నేను పెట్టింది. మాట తప్పాడని ఆయన మీద పెట్టుకున్న కష్టం అక్కడ కొంత కరిగింది.

అందుకని కార్డు తీసిన ప్రతివాళ్ళకీ చెప్తాను. ఆ వచనానికి ముందు పది, వెనక పది వచనాలు చదవండి. ఎవరు, ఎవరికి, ఏ కష్టంలో చెప్పారో చూడండి. అందులో గడువు ఉంటే ఆ గడువునే నమ్మండి, లేకపోతే మీరు తగిలించకండి. అబ్రాహాము దేవుని మాట నమ్మి బయల్దేరినప్పుడు డెబ్బై అయిదేళ్ళు, మాట ఇచ్చిన కొడుకు ఇస్సాకు పుట్టినప్పుడు నూరేళ్ళు. మధ్యలో ఆగలేక ఎనభై ఆరో ఏట దాసి హాగరు ద్వారా ఇష్మాయేలును కన్నాడు, ఆ ఇంట్లో దాని బాధ అందరూ పడ్డారు. యోసేపుని అన్నలు అమ్మేసింది పదిహేడో ఏట, ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడింది ముప్ఫయ్యో ఏట. జైల్లో అతని వల్ల మేలు పొందిన పానదాయకుడు, అంటే రాజుకి గిన్నె అందించేవాడు, రెండేళ్ళు అతన్ని మర్చిపోయాడు. ఈ లెక్కలు కార్డు వెనక పెన్నుతో రాసుకోండి. మనసు తొందరపడిన రోజు కార్డు తిప్పి చూసుకోవచ్చు.

ఏడుపుకి కూడా ఒక పద్ధతి ఉంది

మనలో చాలామందికి చిన్నప్పటి నుంచి ఒక భయం. సణిగితే దేవునికి కోపం వస్తుందని, స్తోత్రం తప్ప ఇంకేమీ అనకూడదని. 13వ కీర్తన తీయండి. ఆరంటే ఆరు వచనాలు. మొదటి రెండింటిలో దావీదు నాలుగు సార్లు అడుగుతాడు, ఎన్నాళ్ళు, ఎన్నాళ్ళు అని. నన్ను మర్చిపోయావా అని మొహం మీదే అడుగుతాడు. మూడు, నాలుగు వచనాల్లో తనకేం కావాలో చెప్తాడు. చివరి రెండింటిలో నీ కృపని నమ్ముకున్నాను అంటాడు. మొదటి వచనానికీ చివరి వచనానికీ మధ్య కష్టం తీరినట్టు ఎక్కడా లేదు. అడిగిన మనిషి మాత్రం ఎవరి దగ్గరికి వెళ్ళి అడగాలో మర్చిపోలేదు.

అదే వరసలో మీ కీర్తన మీరు రాసుకోండి. చదువు రాకపోతే ఎవరిచేతనైనా రాయించుకోండి. కాగితం తీసుకుని, మొదట ఫిర్యాదు. మర్యాద కోసం తగ్గించొద్దు. తర్వాత అడిగేది, అస్పష్టంగా కాకుండా. "దీవించు ప్రభువా" అని వదిలేయకండి, పేరు చెప్పి, పని చెప్పి అడగండి. చివర్లో, ఇదివరకు ఆయన చేసినదొకటి రాయండి, చిన్నదైనా సరే. చివరి భాగం రాయబుద్ధి కాని రోజు అక్కడితో ఆపేయండి. 88వ కీర్తన అలాగే చీకట్లో ఆగిపోయింది. చీకటే నాకు బంధువులు అని ముగుస్తుంది. దాన్ని కూడా బైబిల్లో ఉంచారు.

నేను కువైట్లో సరుకుల బిల్లు వెనక రాసుకున్నది ఇంకా నా దగ్గర ఉంది. యథాతథంగా పెడుతున్నాను: "ప్రభువా, మా చిన్నోడు నన్ను మర్చిపోతున్నాడు. నీవు చూస్తున్నావా? క్యాసెట్లో వాడు అమ్మా అనకుండా ఆంటీ అన్నాడు. నన్ను ఇంటికి చేర్చు. అప్పు తీరే దారి చూపించు. ఈ నెల జీతం ఆపకుండా ఇచ్చారు, అది నీవే."

క్యాసెట్ల సంగతి ఇప్పటి పిల్లలకి తెలియదు. ఫోన్ కాల్ ఖరీదు కాబట్టి ఇంటి దగ్గర నుంచి టేపులో మాటలు రికార్డు చేసి, ఎవరైనా వస్తుంటే వాళ్ళ చేతికిచ్చి పంపేవారు. నేను రాత్రి అందరూ పడుకున్నాక స్టోర్ రూంలో బియ్యం బస్తా మీద కూర్చుని వినేదాన్ని. పెద్దాడు 23వ కీర్తన గబగబా అప్పజెప్పేవాడు. వాడి వెనక కాకులు, బావి గిలక కిర్రుమనడం, మా అత్తగారి దగ్గు. కీర్తన కన్నా ఆ గిలక శబ్దానికే ఎక్కువ ఏడ్చేదాన్ని. అది కూడా ప్రార్థనే అని ఇప్పుడు నమ్ముతున్నాను.

మొక్క నాటండి, మధ్యలో అరటి వేయండి

యిర్మీయా ఉత్తరంలో నన్ను మార్చింది పదకొండో వచనం కాదు, అయిదు నుంచి ఏడు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోరి దాని కోసం ప్రార్థన చేయండి అంటాడు. డెబ్బై ఏళ్ళు కనిపెట్టమని చెప్పి, ఆ కనిపెట్టడం ఎలాగో కూడా ఆయనే చెప్పాడు.

నేను చదువుకున్న ఆ మాట ఇక్కడ మా ఆయన ముందే చేస్తున్నాడు. తుపాను తర్వాత ఏడాది, తొలకరికి, నిలిచిన అయిదు చెట్లలో మంచి కాపు చెట్టు నుంచి తీసిన విత్తన కాయల మొక్కలు పెట్టాడు. మా దేశవాళీ కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. ఇంట్లో తిండికే కష్టంగా ఉన్నప్పుడు ఏడేళ్ళ తర్వాత కాసేదానికి గొయ్యి తవ్వడమేంటని చుట్టాలు అన్నారట. ఆయన పాతికడుగులకొకటి గొయ్యి తవ్వాడు, మూడడుగుల లోతు. అడుగున ఇసుక, గుప్పెడు ఉప్పు, వేపపిండి. మొక్క పెట్టి మట్టి పూర్తిగా నింపకుండా వదిలాడు, చెట్టు ఎదిగే కొద్దీ నింపుకుంటూ రావాలి. వేసవిలో బిందెలతో నీళ్ళు.

నాటి వదిలేస్తే బతకదు. లేత కొబ్బరికి కొమ్ము పురుగు పడుతుంది. మొవ్వులోకి తొలుచుకుని పోతుంది. విప్పుకున్న ఆకు కత్తెరతో కోసినట్టు వస్తే పురుగు లోపలికి పోయిందని గుర్తు. మా ఆయన పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఒక్కో మొక్క దగ్గరికి వెళ్ళి, మట్టల మొదట్లో నమిలిన పీచు రాలి ఉందేమో వేలితో తడిమి చూసేవాడు. ఉంటే కొక్కెంలా వంచిన ఇనప తీగ కన్నంలోకి పెట్టి పురుగుని గుచ్చి లాగేవాడు. తర్వాత ఆ కన్నంలో ఇసుక, వేపపిండి కలిపి పెట్టేవాడు. రోజూ ఇదే పని. ఏడేళ్ళ తర్వాత వచ్చే కాయ కోసం ఈరోజు మొవ్వులో పురుగు లేకుండా చూసుకోవడం. కనిపెట్టడం అనే మాట చదివినప్పుడల్లా నాకు నోట్లో పళ్ళపుల్లతో మొక్క మీదకి వంగిన ఆ మనిషే కనిపిస్తాడు.

ఇంకో పని కూడా చేశాడు. కొబ్బరి వరసల మధ్య అరటి వేశాడు, కొంత మేర కంద. అరటి గెల ఏడాదిలో చేతికి వస్తుంది. వడ్డీ దానితోనే కట్టాం. విశ్వాసంలో కూడా ఈ లెక్క పెట్టుకోండి. పెద్ద జవాబు కోసం కనిపెడుతూ ఉన్నప్పుడు, ఈ వారంలో జరగగలిగే చిన్నవి కూడా దేవుణ్ణి అడగండి. ఈరోజు కోపపడకుండా ఉండటం. పిల్లాడి ఫీజు. పక్కింటావిడతో తెగిపోయిన మాట కలవడం. అవి వచ్చినప్పుడు తారీఖు వేసి రాసుకోండి. పెద్దది రాలేదని చిన్నవాటికి స్తోత్రం చెప్పడం మానేస్తే ఇల్లు ఎండిపోతుంది.

ఇక ఏడో వచనంలో ఉన్న పని, ఉన్నచోటు క్షేమం కోరడం. అది కష్టమైనది. నేను పనిచేసిన ఇంట్లో అందరూ చెడ్డవాళ్ళు కాదు, మంచివాళ్ళూ కాదు. పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉండేది. ఆ ఇంటి పెద్దావిడకి మోకాళ్ళ నొప్పులు. యిర్మీయా మాట చదివిన మర్నాటి నుంచి, ఆమె కాళ్ళకి నూనె రాసేటప్పుడు మనసులో ఆమె పేరు చెప్పి ప్రార్థన చేయడం మొదలుపెట్టాను. మొదటి నెల నా మాటలు నాకే అబద్ధంలా వినిపించాయి. తర్వాత అలవాటైంది. ఆ ఇల్లు మారిందని చెప్పను. ఆ ఇంట్లో నిద్ర లేచేటప్పుడు నా గుండెలో ఉండే రాయి మాత్రం తేలికైంది. మీరు ఎక్కడ ఇరుక్కున్నారో, అత్తగారింట్లోనో, నచ్చని ఉద్యోగంలోనో, ఆస్పత్రి వార్డులోనో, అక్కడివాళ్ళలో ఒకరి పేరు ఎంచుకుని మొదలుపెట్టండి.

ఎంతసేపు, ఎప్పుడు

తక్కువసేపు, ప్రతిరోజూ. నేను పొద్దున్న నాలుగున్నరకి లేచి పావుగంట కూర్చుంటాను. ఒక కీర్తన, నోట్‌బుక్కులో రాసుకున్న పేర్లు, కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండటం. 130వ కీర్తనలో కావలివాళ్ళు ఉదయం కోసం కనిపెట్టడం కన్నా ఎక్కువగా నా ప్రాణం ప్రభువు కోసం కనిపెడుతోంది అని ఉంటుంది. కావలి మనిషి తెల్లవారేలా చేయలేడు. తెల్లవారుతుందని మాత్రం అతనికి అనుమానం లేదు.

మనసు నిలవకపోతే చేతికి పని పెట్టండి. మా పుట్టింటి వైపు ఆడవాళ్ళంతా లేసు అల్లుతారు. 1844 ప్రాంతంలో స్కాట్లాండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు ధవళేశ్వరంలో నేర్పిన పని అది, నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఇంటింటికీ పాకింది. మా అమ్మ సూది ఆడిస్తూ ఒక్కో పువ్వుకి ఒక్కో బిడ్డ పేరు చెప్పి ప్రార్థన చేసేది. నేను చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ చేస్తాను.

ఉపవాసాల గురించి ఒక మాట. ఉపవాసం మంచిదే, నేనూ శుక్రవారం ఉంటాను. కానీ షుగరు ఉన్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు, నిద్ర పట్టక నీరసించినవాళ్ళు దానికి దిగొద్దు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని చచ్చిపోతే బాగుండు అన్నప్పుడు దేవదూత అతనికి ప్రసంగం చెప్పలేదు. నిద్రపోనిచ్చి, లేపి, రొట్టె, నీళ్ళు పెట్టి, మళ్ళీ పడుకోనిచ్చాడు. అలాగే ఎవరైనా సరే, విశ్వాసం ఉంటే మాత్రలు ఆపేయమంటే వినకండి. డాక్టరు దగ్గరికి వెళ్తూ కూడా కనిపెట్టవచ్చు. ఇన్ని వేలు కానుక వేస్తే ఇన్ని రోజుల్లో జవాబు అని ఎవరైనా అంటే, హనన్యాని గుర్తు చేసుకోండి.

పక్కన ఉన్నవాళ్ళు ఏం చేయాలి

బైబిల్లో బిడ్డల్లేక ఏడ్చిన హన్నా కథలో ఇద్దరు మగవాళ్ళు మాట్లాడారు. భర్త ఎల్కానా ప్రేమగలవాడే, పదిమంది కొడుకుల కంటే నేను నీకు మేలు కాదా అన్నాడు. యాజకుడైన ఏలీ, పెదవులు మాత్రమే కదులుతుంటే చూసి ఆమె తాగిందనుకున్నాడు. ముందు ఇద్దరూ ఆమె ఏం మోస్తోందో ఆగి వినలేదు. ఆమె చెప్పాక ఏలీ తన మాట దిద్దుకుని దీవించి పంపాడు. అప్పుడు ఆమె వెళ్ళి అన్నం తింది, ఆ తర్వాత ఆమె ముఖం దుఃఖంగా లేదని రాసి ఉంది. ఆమె అడిగిన బిడ్డ సమూయేలు ఇంకా కడుపున పడలేదు! జవాబు రాకముందే ఆమె అన్నం తినగలిగింది. ఎదురు చూసే మనిషికి మనం చేయగలిగింది అదే, కూర్చోబెట్టి విని, అన్నం పెట్టడం.

అనకూడనివి: "నీ విశ్వాసం చాలలేదేమో." "ఏదో దాచిన పాపం ఉండి ఉంటుంది." "మా చెల్లెలికి ఒక్క ప్రార్థనకే అయిపోయింది." మూడోది సాక్ష్యంలా, అంటే దేవుడు చేసిన మేలు చెప్పుకోవడంలా వినిపిస్తుంది గాని, ఖాళీ ఒడితో కూర్చున్న పిల్ల చెవిలో పడితే కొరడాయే. మా మందిరంలో ఇప్పుడు సాక్ష్యాల సమయంలో జవాబు రానివాళ్ళు కూడా లేచి నిలబడుతున్నారు. "ఇంకా రాలేదు, ఇంకా అడుగుతున్నాను, నాతో పాటు అడగండి" అని చెప్పి కూర్చుంటారు. ఆ రోజు ఆమెన్ గట్టిగా వినిపిస్తుంది.

అడిగింది రాకపోతే

కువైట్లో నేను మూడు అడిగాను. ఇంటికి చేరాలని, అప్పు తీరాలని, మా అమ్మని బతికుండగా చూడాలని. మొదటి రెండూ జరిగాయి. 2003లో మా అమ్మ పోయింది. కబురు అందేసరికి మట్టి కూడా అయిపోయింది. ఎంత విశ్వాసంతో అడిగానో దేవునికి తెలుసు. దానికి నా దగ్గర సర్దుబాటు మాట లేదు, ఎవరైనా చెప్పబోతే నేను వినను.

కానీ ఎక్కడ నిలబడాలో చెప్పగలను. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం విశ్వాసవీరుల పేర్లన్నీ చెప్పి, 39వ వచనంలో వీళ్ళందరూ మంచి సాక్ష్యం పొందినా వాగ్దానఫలం అనుభవించలేదు అంటుంది. మన డెల్టాలో దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. 1833 నాటి కరువులో ఈ గోదావరి పక్కనే జనం నీళ్ళు లేక, గింజ లేక పోయారు. వాళ్ళూ నీళ్ళ కోసం మొరపెట్టుకునే ఉంటారు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టింది 1847లో, పూర్తయింది 1852లో. మొరపెట్టుకున్నవాళ్ళు ఆ కాలవ చూడలేదు, మనం తాగుతున్నాం. మా అమ్మ నా కోసం చేసిన ప్రార్థనలూ అలాంటివే. నేను ఇంటికి చేరాలని ఆమె అడిగింది, చేరాను, ఆమె చూడలేదు.

మొదటి థెస్సలొనీక 4:13లో పౌలు నిరీక్షణ లేనివాళ్ళలా దుఃఖపడవద్దు అన్నాడు. దుఃఖపడవద్దు అనలేదు. లాజరు సమాధి దగ్గర, లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్ళు విడిచాడు. ఈస్టర్ తెల్లవారుజామున మేమంతా కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల దగ్గరికి వెళ్తాం. అప్పుడు నేను పంటు ఎక్కి నది దాటి అవతలికి వెళ్తాను. ముందు రోజే మా అన్నయ్య అమ్మ సమాధికి సున్నం వేయించి ఉంచుతాడు. దాని మీద కొవ్వొత్తి నిలబెట్టి, గాలికి ఆరిపోకుండా చేతులు అడ్డం పెట్టుకుని, పాట అయ్యేదాకా ఉంటాను. నాకు సంబంధించినంతవరకు మూడో ప్రార్థన ఇంకా అయిపోలేదు. ఆమెని బతికుండగా చూస్తాను. ఆలస్యమైంది.

నోట్‌బుక్కు సంగతి

ఇంకొక్కటి, మర్చిపోకుండా. ప్రార్థన నోట్‌బుక్కులో ఎడమ పేజీలో అడిగినది, అడిగిన తారీఖు రాయండి. కుడి పేజీ ఖాళీగా వదలండి. జవాబు వచ్చినప్పుడు అక్కడ తారీఖు వేయండి. అడిగినది కాకుండా ఇంకోటి వస్తే అది కూడా అక్కడే రాయండి, దాచొద్దు. ఏడాదికోసారి, డిసెంబరులో, మొదటి నుంచి తిరగేయండి.

నా పుస్తకంలో 1999లో రాసిన ఒక పేరు ఉంది. నాతో పాటు అదే విమానంలో కువైట్ వచ్చిన పిల్ల, పక్క వీధిలో పనికి కుదిరింది. ఆ తర్వాత ఎటు వెళ్ళిందో తెలియలేదు. వాళ్ళ అమ్మ ఇప్పటికీ మా మందిరానికి వస్తుంది, తలుపు దగ్గర కూర్చుంటుంది. కుడి పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. శుక్రవారం కూడికలో మేమిద్దరం కలిసి ఆ పేరు చెప్పి ప్రార్థన చేస్తాం. తర్వాత ఆమె మా ఇంటికి వస్తుంది, భోజనం చేసి వెళ్తుంది.